దిష్టి గుమ్మడికాయల తోట

నా ఉద్యోగం చీపురుతో మొదలై నీళ్ళ పైపుతో ముగిసింది. మధ్యలో ఉన్నదంతా తిరుపతి వీధులే. ఇప్పుడు కొత్తగా పనిలో చేరే పిల్లలు ఎప్పుడైనా నా దగ్గర కూర్చుంటే, ఇన్నేళ్ళలో ఏం చూశావు చెప్పమంటారు. ఊడ్చడం గురించి చెప్పబోతే ఫోన్లు తీస్తారు. అందుకని ఊడ్చడం వదిలేసి, చివరి పోస్టింగు సంగతి రాస్తున్నాను. అక్షరాలు నాకు జుట్టు నెరిశాక వచ్చాయి. గోడల మీది సినిమా పోస్టర్లు గీకి తీసే పని వేసినప్పుడు, గీకేముందు కూడబలుక్కుని చదివి నేర్చుకున్నాను. కాబట్టి చుట్టూ తిప్పి రాయడం నాకు చేతకాదు. నచ్చినవాళ్ళు చదవండి.

మోకాళ్ళు అరిగిపోయాయని మా అధికారి నన్ను రోడ్ల మీద నుంచి తీసి పార్కుల పనికి మార్చాడు. పార్కు అంటే నీడ, బెంచీలు, నాలుగు పూలమొక్కలు అనుకుని సంబరపడ్డాను. వెళ్ళి చూస్తే అది తిరుచానూరు రోడ్డుకు లోపలగా, ఒక కాలనీలో వీధి చివర ఉన్న ఖాళీ జాగా. ఇళ్ళ స్థలాలు వేసిన కాలంలో పార్కు కోసమని వదిలారు. పార్కు ఎవరూ చేయలేదు. పాత పరుపులు, పగిలిన కడప రాళ్ళు, ఇల్లు కట్టగా మిగిలిన కంకర, వాటి మధ్య కంపచెట్లు. వీధిలో ఎవరికి ఏది అక్కర్లేకపోయినా అక్కడికే చేరేది.

ఆ జాగాను కొందరు కుర్రాళ్ళు, ఆడపిల్లలు కలిసి ఆఫీసుకొచ్చి అడిగారట, వీధంతా కలిసి కూరగాయలు పండించుకునే తోట చేస్తామని. అదే జాగా మీద ఇంకో కోరిక కూడా మా అధికారి దగ్గర ఉంది. కొండకు వచ్చే భక్తుల బండ్లు నిలుపుకోవడానికి సిమెంటు వేయించమని. ఆయన చెడ్డవాడు కాదు, మంచివాడూ కాదు, పని తెమిలితే చాలనుకునే మనిషి. పిల్లలకు ఒక గడువు పెట్టాడు. గంగమ్మ జాతర అయిన తర్వాతి సోమవారం వచ్చి చూస్తాను, వీధి జనం వచ్చి ఇది మాకు కావాలంటే తోట ఉంటుంది, మీరు నలుగురే నిలబడి ఉంటే సిమెంటు పడుతుంది అన్నాడు. నాకు వేరుగా ఒక మాట చెప్పాడు. నీళ్ళు పట్టు, గేటు వెయ్యి, జనంతో మాటలు పెట్టుకోవద్దు. నా నోటి సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు.

పిల్లల్లో రోజూ కనిపించేవాళ్ళు ఇద్దరు. ఒకతి వ్యవసాయం చదువుతున్న పిల్ల. నాయుడుపేట దగ్గరి పల్లెటూరిది, ఇక్కడ హాస్టల్లో ఉండేది. ఎప్పుడూ ముక్కు మీంచి జారిపోయే కళ్ళజోడు. ఇంకొకడు ఆ వీధివాడే. తల్లితో కలిసి ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాడు. శ్రీ సిటీలో కంపెనీ పని, వాళ్ళ బస్సు ఎక్కి పోయి వాళ్ళ బస్సులోనే దిగేవాడు. మిగిలిన పిల్లలు సెలవురోజుల్లో వచ్చి కంకర ఏరి, గుంతలు తవ్వి, చేతులకు బొబ్బలు తెచ్చుకుని పోయేవాళ్ళు.

జాగా శుభ్రం చేయడం కాదు నన్ను పట్టుకున్నది. అది నేను జీవితమంతా చూసిన పనే. ఆ పిల్లలు సాయంత్రాలు ఇంటింటికీ తిరిగేవాళ్ళు. నాకు వినోదంగా ఉండి పైపు పట్టుకునే చెవి అటు వేసేదాన్ని. ప్రతి గడపలోనూ ఒకటే జవాబు. మంచి పనేనప్పా, చేయండి, మేమూ వస్తాం. ఒక్కరు కూడా కాదనలేదు. ఒక్కరు కూడా రాలేదు. ఆదివారం వస్తామన్నవాళ్ళు ఆదివారం పూట కిటికీలో నుంచి చూసేవాళ్ళు. కాదంటే అర్థమవుతుంది. అవునని చెప్పి రాకపోతే ఏమనుకోవాలి? బద్ధకమేమో అనుకున్నాను. తర్వాత, బండ్ల జాగా మీద ఆశ కావచ్చు అనుకున్నాను. ఆ వీధి మొదట్లో మూడంతస్తుల మేడ ఒకటుంది. పల్లెలో పొలాలున్న ఆయన, ఊళ్ళో మేడ కట్టి భక్తులకు గదులు అద్దెకిస్తాడు. సిమెంటు పడితే ఆయన గదులకు గిరాకీ. కానీ మిగిలిన ఇళ్ళకు అందులో లాభమేమీ లేదు, వాళ్ళూ రావడం లేదు. నాకు అంతు పట్టలేదు.

దీపావళి వానలు పడ్డాయి. పిల్లలు వేసిన టమాటా, బెండ, వంగ ఆ కంకర నేలలో ఈసురోమన్నాయి. గోడ మూల మాత్రం, ఎవరూ విత్తకుండానే, తీగలు లేచాయి. నేల నిండా పాకి, కంపచెట్లెక్కి, గోడ దాటి అవతలికి తొంగిచూశాయి. బూడిద గుమ్మడి. చెత్త పడ్డ చోట గుమ్మడి మొలవడం నాకు వింత కాదు. అంతకుముందు నేను పనిచేసింది బజారు వీధిలో. అమావాస్య మర్నాడు ప్రతి అంగడి ముందూ పగలగొట్టిన గుమ్మడికాయలు, కుంకుమ, కర్పూరం మసి. తోపుడు బండి నిండిపోయేది. నా వరకు గుమ్మడికాయ అంటే బండిలో బరువు, అంతే. దిష్టి అనేది నా చీపురుకు ఎన్నడూ అడ్డం పడలేదు. అంతకాలం ఎత్తిపోసినదానికి నన్నేం చేస్తుంది అది.

కాయలు ఊరి, బూడిద పట్టి, చేత్తో తాకితే తెల్లగా అంటుకునేంతగా పండాయి. కళ్ళజోడు పిల్ల ఆనందం చూడాలి. వాళ్ళ ఊళ్ళో ఈ కాయలతో వడియాలు పెట్టేవాళ్ళట. మొదటి పంట వీధికే ఇవ్వాలని అందరూ అనుకున్నారు. కంపెనీ అబ్బాయికి తెల్లవారే బస్సు. వాడు పోయేలోపే ఇద్దరూ కలిసి ఇంటికొక కాయ, ఆశ్చర్యపరుద్దామని, చప్పుడు చేయకుండా గడపల ముందు పెట్టి వచ్చారు.

నేను పనికి వచ్చేసరికి వీధిలో ఆడా మగా గుంపుగా నిలబడి ఉన్నారు. అంతమందిని ఒకచోట చూడటం అదే మొదలు. పిల్లలు పిలిచినప్పుడు రానివాళ్ళంతా ఆరోజు పిలవకుండానే వచ్చారు. తోట గేటు ముందు కాయలన్నీ తిరిగొచ్చి ఉన్నాయి. కొన్ని దొర్లించినవి, కొన్ని విసిరినవి. పగిలినవాటి లోపలి గుజ్జు రోడ్డు మీద చిందింది. మేడాయన నా వైపు వచ్చాడు.

"ఏమ్మే, మా గడపలో ఈ కాయ ఎవురు పెట్టినారు?"

"పిల్లోళ్ళు పెట్టినారన్నా. తోటలో కాసింది. కూర చేసుకోండి."

"కూరా? యాడ కాసింది ఇది? నా లారీ కొన్నప్పుడు, మా మేడ గృహప్రవేశానికి, నెల నెలా అమాసకు కొట్టిన కాయలన్నీ నేను పారేసింది ఆ మూలనే. ఈ ఇళ్ళోళ్ళంతా పారేసింది ఆడనే. ఆ ఇత్తనాలే మొలిచినాయి. పైగా ఈ పొద్దు అమాస. మా దిష్టి తీసుకొచ్చి మళ్ళా మా గడపలోనే పెడతారా?"

ఆయన మాటలో నాకు కావలసింది దొరికింది. ఇన్నాళ్ళూ ఆ జాగాలో ఎవరూ ఎందుకు కాలు పెట్టలేదో అప్పుడు తెలిసింది. ఇంటికి పట్టిన చెడునంతా తీసి పారేసే చోటు అది. దాని మీద నడవడానికే భయపడే జనాన్ని, అందులో పండింది తినమని అడుగుతున్నాం. వాళ్ళు మర్యాదకు అవునంటున్నారు.

కళ్ళజోడు పిల్ల హాస్టల్ నుంచి వచ్చి, గేటు ముందు గుట్టను చూసి, పగలని కాయలను ఒకటొకటిగా లోపలికి మోసింది. ఏడవలేదు. కంపెనీ అబ్బాయి సాయంత్రం బస్సు దిగి సంగతి విని తల పట్టుకున్నాడు. ఆ వీధిలో పుట్టి పెరిగినవాడివి, నీకు తెలియదా అని తల్లి నిలదీస్తే, అమావాస్యనే మాట ఎవరికి గుర్తుంది, నాకు షిఫ్టు ఒక్కటే గుర్తుంది అన్నాడు. నిజమే చెప్పాడు.

దాని తర్వాత వాడు చేసింది ఇంకా బాగుంది. ఎక్కడి నుంచో చిన్న మైకు తెచ్చి, ఒక ఆదివారం గేటు దగ్గర నిలబడి, దిష్టి అనేది మూఢనమ్మకమని, మట్టికి, విత్తనానికి ఆ సంగతి తెలియదని ఉపన్యాసమిచ్చాడు. చెప్పిందాంట్లో తప్పు లేదు. కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ఒక్కో కిటికీ చప్పుడుకు వాడి గొంతు ఇంకొంచెం పెరిగింది. చివరికి వాడు, నేను, ఒక కుక్క మిగిలాం. కుక్క కూడా మొదలు నుంచీ విన్నది కాదు.

కళ్ళజోడు పిల్ల మైకు తీసి సంచిలో పెట్టించింది. మర్నాటి నుంచి తను వేరే పని మొదలుపెట్టింది. ఇంటింటికీ పోయి, తోటకు రండి అనకుండా, ఈ జాగాకు పట్టింది ఎలా పోతుందో చెప్పండి అని అడగడం. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగేది. నాకు ఆ అడగడం నచ్చింది. గేటుకు తాళం వేసి నేనూ వెంట పోయేదాన్ని, మాటలు పెట్టుకోవద్దన్న అధికారి మాట పక్కన పెట్టి. అప్పుడు జనం కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టారు. ఒక ఇంట్లో కల్లుప్పు చల్లమన్నారు. ఒకరు పసుపు నీళ్ళన్నారు. ఇంకో ఇంట్లో మామా కోడలూ మా కళ్ళముందే వాదులాడుకున్నారు, ఆవును కట్టేస్తే పోతుందని ఆయన, ఆవుకు ఏమైనా అయితే ఎవరిదని ఆమె. మేడాయన మాత్రం సిమెంటు వేస్తే ఏ దిష్టీ పైకి రాదు పాపా అన్నాడు. నవ్వకుండానే అన్నాడు.

అలా తిరుగుతూ వీధి మధ్య ఇంట్లో ఉన్న అవ్వ దగ్గరికి చేరాం. నగరిలో మగ్గం నేసిన మనిషి, కొడుకు ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చింది. కళ్ళు సరిగా కనపడవు, మాట మాత్రం సూటిగా వస్తుంది. అన్నీ విని పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఉప్పుకు, పసుపుకు పోయేదానికి ఇదేమన్నా ఒక ఇంటి దిష్టా పాపా? ఊరు దిష్టి. ఊరు దిష్టి తీసుకునే ఆమె ఒకతే ఉండాది. జాతరప్పుడు ఆ కాయలు గంగమ్మ కుండలో ఎయ్యి. ఆమెకు పెట్టినాక అది ఎవురి దిష్టీ కాదు, పెసాదం."

మా పక్క జాతరంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆ రోజుల్లో వీధి వీధినా రాగి అంబలి కాచి పోస్తారు. కూర, పులుసు చేసి అమ్మకు పెట్టి పంచుతారు. మొక్కున్న మగవాళ్ళు వేషాలు కడతారు. అందులో ఒకటి బండ వేషం. ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, ఎదురైన వాళ్ళనల్లా నోటికొచ్చినట్టు తిడుతూ పోవాలి. ఎంత పెద్దమనిషినైనా తిట్టొచ్చు. తిట్టించుకున్నవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు. గడప ముందుకు వేషం వచ్చి అడిగితే ఉత్త చేతులతో పంపకూడదు.

అవ్వ ఇంకో మాట కూడా అంది. అంబలికి రాగులు మీ డబ్బులతో కొనొద్దు, ప్రతి గడపలోనూ అడుక్కురండి, మామూలు బట్టలతో కాదు, వేషంతో పొండి. కంపెనీ అబ్బాయి తల్లి అక్కడే కూర్చుని ఉంది. కొడుక్కి ఉద్యోగం వస్తే బండ వేషం కట్టిస్తానని ఆమె ఎప్పుడో మొక్కుకుంది. వాడు ప్రతి ఏడూ సెలవు దొరకలేదని తప్పించుకుంటున్నాడు. ఆమె అవ్వ వైపు ఎంత కృతజ్ఞతగా చూసిందంటే, వాడికి ఇంక దారి లేదని నాకు అప్పుడే అర్థమైంది.

వాడి బాధ వేషం కాదు, తిట్లు. ఇంగ్లీషు మీడియం చదివిన పిల్లాడు. వాడికి వచ్చిన తిట్లు రెండు, అవీ సినిమాల్లోవి. అవ్వ నేర్పింది. నేనూ సాయం చేశాను, వీధుల్లో పనిచేసినదానికి ఆ చదువుకు లోటు లేదు. ఆ పాఠాలు ఇక్కడ రాయదగ్గవి కావు. కళ్ళజోడు పిల్ల చెవులు మూసుకోవడం మానేసి, ఆ మాట ఎలా పుట్టిందవ్వా అని అడగడం మొదలుపెట్టేసరికి అవ్వే సిగ్గుపడి ఆపేసింది.

జాతర రోజు వాడు ఒళ్ళంతా ఎర్రగా పూసుకుని, నడుముకు వేపమండలు చుట్టుకుని వీధిలో దిగాడు. మొదటి రెండు ఇళ్ళ దగ్గర గొంతు పెగలలేదు. మూడో ఇంటికి పెగిలింది. ఇక ఆపడం ఎవరి వల్లా కాలేదు. తోట పనికి వస్తామని చెప్పి కిటికీలో నుంచి చూసిన ఒక్కొక్కరినీ, వాళ్ళ ఇంటి పేరుతో, కిటికీ రంగుతో సహా తిట్టాడు. మైకులో మర్యాదగా చెప్పినప్పుడు తలుపులు వేసుకున్న జనం ఇప్పుడు గడప దాటి వచ్చి వింటున్నారు. నవ్వుతున్నారు. పక్కింటివాణ్ణి తిడుతుంటే ఇంకా గట్టిగా నవ్వుతున్నారు.

విచిత్రం అక్కడితో ఆగలేదు. వాళ్ళూ తిరిగి అనడం మొదలుపెట్టారు. వేషానికి బదులు చెప్పడంలో తప్పు లేదు కదా. చేట నిండా రాగులు తెచ్చి పోస్తూ ఒక ఆమె అంది, దిష్టి సంగతి అటుంచు, మీరు చదువులైపోయి, పెళ్ళిళ్ళు చేసుకుని తలో దిక్కు పోతే ఆ కంప మళ్ళీ మేమే కొట్టాలి కదా అని. ఇంకొకాయన, తోటన్నాక మూలలుంటాయి, మూలల్లో తాగేవాళ్ళు చేరతారు, మాకు ఆడపిల్లలున్నారు అన్నాడు. ఇంకో ఇంటివాళ్ళకు, ఎండాకాలం వీధి నీళ్ళన్నీ మొక్కలకు పోతాయని భయం. ఇవన్నీ ఒక్కసారి కూడా బయటపడని మాటలు. మంచి పనేనప్పా అనే మాట కింద ఇన్ని దాక్కుని ఉన్నాయి. దిష్టి ఒక్కటే అనుకున్న నేనూ తప్పే. పిల్ల నా పక్కన నడుస్తూ, ఒక్కొక్కటి వినగానే నా చెయ్యి నొక్కుతోంది. నాకు నొప్పెట్టింది, అయినా తీసుకోలేదు.

మేడాయన ముందు వేషం ఆగింది. వాడు ఏం తిట్టాడో వదిలేస్తాను. చివరి మాట మాత్రం చెప్పొచ్చు.

"నీ దిష్టి అంత గొప్పదైతే, దాన్ని ఎరువుగా తిని ఇంతలేసి కాయలు కాసినాయి సూడు. నీ పొలంలో యాడన్నా కాసినాయా?"

ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత పొట్ట కదిలేలా నవ్వాడు. లోపలికి పోయి రాగులు తానే మోసుకొచ్చాడు. పోస్తూ, పెద్ద కాయ ఎంతుందో వచ్చి చూస్తా అన్నాడు. చూస్తానన్నాడే గాని, తింటానని అనలేదు.

తోటలోనే రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించాం. నెలల తరబడి నా పైపులు పెట్టుకునే షెడ్డులో ఉన్నా కాయలు చెక్కు చెదరలేదు. అంబలి ఒక కుండలో, గుమ్మడి పులుసు ఇంకో పెద్ద గిన్నెలో. అవ్వ వేపాకు వేసి, కర్పూరం వెలిగించి అమ్మకు చూపింది. జనం వచ్చారు. వచ్చి, కంచె అవతల నిలబడ్డారు. చెంబులతో వచ్చారు, అంబలికి. అంబలి పోస్తుంటే పట్టుకున్నారు. పులుసు గరిటె తీసేసరికి చెంబులు వెనక్కి పోయాయి.

అవ్వ తిన్నది. ఆమె మొదటి నుంచీ మా వైపే, లెక్కలోకి రాదు. కంపెనీ అబ్బాయి, వాడి తల్లి తిన్నారు. వాళ్ళూ లెక్కలోకి రారు. నేను తిన్నాను. నేను తింటే ఆ వీధికి లెక్కలోకి ఎందుకు రాదో మీకు విడమరిచి చెప్పక్కర్లేదు. చీపురు పట్టినవాళ్ళు ఏం తిన్నా ఎవరూ చూడరు. పిల్ల గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె మొహం చూడలేక నేను పొయ్యిలో కట్టెలు ఎగదోశాను, అవసరం లేకపోయినా.

అప్పుడు మేడాయన భార్య కంచె దాటి వచ్చింది. ఆమె నోటి మాట నేను అంతవరకు వినలేదు. చేతిలో మూతున్న స్టీలు క్యారియరు. చెంబు కాదు, క్యారియరు. గరిటె కిందికి చాపింది. పిల్ల ఒక గరిటె పోసింది. ఇంకో గరిటె పొయ్యమంది.

"ఈడనే తినొచ్చు కదమ్మా" అన్నాను.

"ఈడ తింటే నా వరకే. ఇంట్లో అందురూ తినాల" అంది.

మూత బిగించుకుని, ఎవరి వైపూ చూడకుండా, మొగుడి ముందు నుంచే మేడలోకి నడిచింది. గడప దాటింది. అమ్మ ముందు నిలబడి చేతిలో వేసుకుని తినడం ఒక ఎత్తు, ఆ పులుసును గడప దాటించి లోపలికి తీసుకుపోవడం ఇంకో ఎత్తు. వీధిలో ఆడవాళ్ళందరికీ ఆ తేడా తెలుసు. ఒకామె ఇంటికి పరిగెత్తి గిన్నె తెచ్చుకుంది. తర్వాత గరిటె చాలలేదు.

జాతర అయిన ఆ సోమవారం మా అధికారి బండి మీద వచ్చాడు. పిల్లలు నిద్రపోయినట్టు లేరు. ఇస్త్రీ బట్టలు వేసుకుని, ఏం చెప్పాలో నోట్లో గొణుక్కుంటున్నారు. వీధి జనం నిజంగానే వచ్చారు. మేడాయనా వచ్చాడు, కాస్త దూరంగా నిలబడ్డాడు. అధికారి గొంతు సవరించుకుని, ఈ తోట మీకు కావాలా, ఎవరికి కావాలో చెప్పండి అని అడిగాడు.

ఒక్కరూ నోరు విప్పలేదు. మా జనం అంతే, ఆఫీసు బల్ల వెనక కూర్చునే మనిషి అడిగితే మాట్లాడరు. పిల్ల నా వైపు చూసింది. అధికారి వాచీ చూసుకున్నాడు.

అంతలో వెనక నుంచి ఒక గొంతు, కుళాయి పక్క మడి తనదని. ఎవరు చెప్పారని ఇంకో గొంతు. నిన్ననే మేకు కొట్టి వచ్చానని మొదటి ఆమె. ఆ మేకు పీకి నా పలుగు పెట్టానని రెండో ఆమె. గోడ నీడ పడే మూల మాకు వద్దని ఒకాయన, నీడ మూల ఆకుకూరలకు మంచిదని మాకిచ్చేయమని ఇంకొకాయన. తాగేవాళ్ళ భయం చెప్పినాయన గేటు తాళం తన దగ్గరే ఉండాలన్నాడు, ఆడపిల్లల తండ్రిని కాబట్టి. వీధి నీళ్ళ భయం చెప్పినవాళ్ళు ఏ మడికి ఎంతసేపు పట్టాలో వేళ్ళ మీద చూపిస్తున్నారు. అధికారిని అందరూ మరిచిపోయారు. ఆయన ఇటు చూసి, అటు చూసి, మధ్యలో పడి సర్దబోయాడు. అప్పుడు మేడాయన ముందుకొచ్చాడు. సిమెంటు మాట ఎత్తుతాడేమో అనుకున్నాను.

"ఉండండప్పా, సారు నిలబడుకోని ఉండాడు. ఆ పెద్ద గుమ్మడి మొలిచిన మూల మాత్రం మాది. ఇత్తనం మాది కాబట్టి" అన్నాడు.

అధికారి బండి తిప్పుకుంటూ నన్ను పిలిచాడు. వీళ్ళు ఎప్పుడూ ఇంతేనా అని అడిగాడు. లేదు సార్, మొన్నటిదాకా చాలా మర్యాదగా ఉండేవాళ్ళు అన్నాను. ఆయన, బండ్లకు వేరే జాగా చూసుకుంటాంలే అని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలేసరికి మడులన్నీ తీరిపోయాయి. ఇంటికొకటి. కంపెనీ అబ్బాయి తల్లికి కూడా ఒకటి దక్కింది. కళ్ళజోడు పిల్ల పైపు పట్టుకుని ఒక్కొక్క మడికీ నీళ్ళు పెడుతూ పోయింది. చివరిదాకా పోయి ఆగింది. ఆమెకంటూ అందులో ఒక్క మడి కూడా లేదు. ఆ వీధిలో ఇల్లు లేని పిల్ల కదా, పంచుకునేటప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు. నేను గమనించాను, ఆమె కూడా గమనించింది. ఏమనుకుంటోందో తెలుసుకోవాలనిపించి దగ్గరికి పోయాను.

నేను నోరు తెరిచేలోపే మేడాయన భార్య కంచె అవతల నుంచి కేకేసింది.

"ఏం పాపా, నా మడి అట్లా ముంచేస్తా ఉండావే. ఇప్పుడే ఏసిన ఇత్తనాలు కుళ్ళిపోవా? సేద్యం తెలిసిన పిల్లవని చూస్తే."

పిల్ల పైపు మడిచి నీళ్ళు ఆపింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. నా వైపు తిరిగి, చిన్నగా, సంబరాన్ని దాచుకోలేక అంది.

"పెద్దమ్మా, తిట్టింది సూడు."